రుద్దేసిన అంకె

ఆ ఎండాకాలం మా ఇంట్లో తువ్వాళ్ళకీ, దిండు గలీబులకీ, తాగే నీళ్ళ గ్లాసుకీ కూడా కాలిన బ్రేకు వాసనే. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన ముక్కుకు తగిలితే ఉన్నచోటే కూర్చుండిపోతాను. పక్కనున్నవాళ్ళు ఏమైందని అడిగితే ఎండ పడలేదని చెప్పి తప్పించుకుంటాను.

మాది కొండ దిగువన బ్రేకుల షాపు. ముందు షాపు, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో సరిగ్గా మూసుకోని ఒక తలుపు. కొండ మీద నుంచి రోడ్డు పద్నాలుగు మలుపులు తిరిగి మా గుమ్మం ముందే చదునుకొస్తుంది. పైన పెద్ద ఆసుపత్రి, దాని అవతల ఒక రాతి క్వారీ ఉన్నాయి. పొద్దున ఎక్కిన మోటారుసైకిళ్ళన్నీ సాయంత్రం దిగాల్సిందే. దిగేటప్పుడు సగం మంది బ్రేకు మీద వేసిన వేళ్ళు తియ్యనే తియ్యరు. కిందికొచ్చి ఆగాక చక్రం డిస్కు మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే సుయ్యిమని ఆవిరి లేచేది.

ఆ ఏడు ఎండలు మరీ పెట్రేగిపోయాయి. వచ్చినవాడల్లా ఒకటే పాట. సగం కొండ దిగేసరికి బ్రేకు పట్టడం లేదు, లివరు మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, ఏదైనా చెయ్యండి.

నా మొగుణ్ణి జనం బ్రేకుల డాక్టరు అనేవారు. ఆ పేరు పెట్టింది వేరెవరో కాదు, ఆయనే. వచ్చిన ప్రతివాడి దగ్గరా తనే రెండేళ్ళపాటు చెప్పుకున్నాక అందరి నోళ్ళకీ అలవాటైపోయింది. అబద్ధం చెప్పకూడదు, చెయ్యి మంచిదే. నోరు చేతికన్నా నాలుగాకులు ఎక్కువ చదివింది. నేను టర్నర్ కూతుర్ని. మా నాన్న నన్ను లేతు ముందు నిలబెట్టి నేర్పిన పనే నా చదువు. పోతూపోతూ నాకిచ్చింది ఒక వెర్నియర్. వెంట్రుక మందం కూడా కొలిచి చెప్పే పనిముట్టు అది. నా పై చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. షాపులో లేతూ, డ్రిల్లింగ్ మిషనూ నావి. బళ్ళు విప్పడం, బిగించడం, మాట్లాడటం ఆయనవి.

మొదట్లో ఆయన సరైన పనే చేశాడు. ఎక్కడికో ఫోన్లు చేసి పెద్ద డిస్కులు తెప్పించాడు. పాతదానికన్నా రెండు వేళ్ళు వెడల్పు, మంచి మందం, బ్రేకు పట్టే భాగాన్ని పైకి జరపడానికి విడిగా ఒక ఇనప బ్రాకెట్టు. ఆ బ్రాకెట్లు నేనే తయారుచేశాను. ఆరు బళ్ళకి వేశాం. ఆ ఆరుగురూ కొండ దిగొచ్చి, డిస్కు ముట్టుకుని చూసి, పెళ్ళికొడుకుల్లా నవ్వారు. ఆ తర్వాత సరుకు రావడం ఆగిపోయింది. షాపు ముందు మాత్రం జనం ఆగలేదు.

అప్పుడు ఆయన కన్ను స్నానాల గది వెనక గుట్ట మీద పడింది.

అక్కడ మేం పారేసిన డిస్కుల గుట్ట ఒకటుండేది. అరిగిపోయాయని బళ్ళ నుంచి విప్పి పడేసినవి. ప్రతి డిస్కు మీదా, బోల్టు కన్నాల పక్కన, తయారుచేసినవాడు ఒక అంకె కొట్టి పంపిస్తాడు. నాలుగు. అంటే అరిగి అరిగి నాలుగు మిల్లీమీటర్లకి వచ్చాక దాన్ని బండికి ఉంచకూడదని అర్థం. గుట్టలో ఉన్నవన్నీ ఆ గీత దాటినవే.

ఆయన ఫోనులో ఒక రేసు బండి బొమ్మ చూపించాడు. డిస్కు నిండా కన్నాలు.

"చూశావా? ఈ కన్నాల్లోంచి గాలి ఆడుతుంది. అందుకే అవి కాలవు. నీ చెయ్యి నిలకడైంది. ఇలా కొట్టగలవా?"

"కొట్టగలను. కానీ వాటి మందం వేరు కదండీ. ఇవి మనం పారేసినవి."

"పారేసింది మనమే, తీసుకునేదీ మనమే. పైన గీతలు పోయేలా లేతు మీద ఒక పొర తీసెయ్. కన్నాలు కొట్టు. మధ్యలో బంగారు రంగు నేను వేస్తా."

నేను కొట్టాను. నా మీద నాకే అసహ్యం వేసే మొదటి సంగతి ఇదే. బలవంతం ఏమీ లేదు. ఆ పని నాకు నచ్చింది. మధ్య నుంచి అంచు దాకా వంపు తిరుగుతూ పోయే వరసలు గీసుకుని, ఒక్కో కన్నం అంచు గోరుతో తడిమినా గుచ్చుకోనంత నున్నగా చేసి, పూర్తయ్యాక వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసుకునేదాన్ని. చూసినవాళ్ళు అబ్బో అనేవారు. పన్నెండేళ్ళుగా షాపు వెనక మిషను మోతలో ఉన్నదాన్ని, ఎవరూ అబ్బో అనలేదు. ఆ ఒక్క మాటకి కళ్ళు నెత్తికెక్కాయి.

వారం తిరక్కుండా కొండ మీదా కిందా "చల్ల డిస్కు" అనే మాట పుట్టింది.

మా మామయ్య ముప్పై ఏళ్ళు ఆ కొండ మీదే బస్సు నడిపి దిగిపోయిన మనిషి. ఒకరోజు అరుగు మీద కూర్చుని నేను చేసిన డిస్కొకటి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. బరువు చూశాడు.

"అమ్మాయ్, ఇందులో ఇనుమేది?"

"గాలి ఆడుతుంది మామయ్యా."

"గాలి సరే. పెద్ద గిన్నెలో నీళ్ళు నిదానంగా కాగుతాయి, చిన్న గిన్నెలో గబుక్కున పొంగుతాయి. దీన్ని ఇంత పల్చన చేశారు, వేడి ఎక్కడ దాచుకుంటుంది? గాలి ఆడే లోపలే కొలిమైపోతుంది."

లోపలినుంచి ఆయన అందుకున్నాడు. "నాన్నా, నీది బస్సుల కాలం. నీ బండికీ ఒకటి వేస్తా ఉండు."

"నాకొద్దురా. నా బండి గేరు మీద దిగుతుంది." డిస్కుని నా ఒళ్ళో పెట్టి చేతులు దులుపుకున్నాడు మామయ్య.

మామయ్య మాట నాకు అర్థమైంది. అర్థమైనా మర్నాడు మళ్ళీ మిషను ఆన్ చేశాను.

ఆ వారంలోనే ఎవడో క్వారీ కుర్రాడు డిస్కు మీద అంకె చూసి, నాలుగంటే ఏంటి, ఇది ఎంతుంది అని అడిగాడట. ఆ సాయంత్రం ఆయన గ్రైండర్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఆ అంకెలు రుద్దెయ్."

"ఎందుకు?"

"అంకె కనపడితే ఎవడో ఒకడికి కొలవాలని బుద్ధి పుడుతుంది. కొలిస్తే మాటొస్తుంది. పైన ఎలాగూ రంగేస్తాం."

చెయ్యనని అనొచ్చు. గ్రైండర్ ఆయన ముందే పెట్టి లోపలికి పోవచ్చు. నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. నిప్పురవ్వలు రెండు క్షణాలు ఎగిరాయి, అంకె పోయింది, ఆ చోటు పిల్లాడి బుగ్గలా మెరిసింది. రెండోది. మూడోది. నోట్లో ఇనప రుచి చేరింది. ఆ రాత్రి ఎన్నిసార్లు పుక్కిలించినా పోలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను, దాన్ని జాగ్రత్త అనొచ్చో లేదో. కొందరు తమ బళ్ళ కొత్త డిస్కులే తెచ్చి కన్నాలు కొట్టించి, అవి సిద్ధమయ్యేదాకా ఆగలేక తయారుగా ఉన్నవి మార్చుకుని పోయేవారు. అలా వచ్చిన మంచి మందం డిస్కులు కుడి మేకుకి, గుట్టలోంచి తీసినవి ఎడమ మేకుకి తగిలించేదాన్ని. గుట్టవి మెల్లగా నడిపేవాళ్ళకీ, చదును మీదే తిరిగేవాళ్ళకీ వెయ్యమని ఆయనకి చెప్పాను. చెప్పి నా మనసుని జోకొట్టుకున్నాను. రెండు రోజుల తర్వాత చూస్తే మేకులు రెండూ ఖాళీ. షాపు ముందు ఒక పొడుగాటి కడ్డీకి అన్నీ వరసగా గుచ్చి వేలాడదీశాడు. ఎండకి తళతళలాడుతున్నాయి.

"ఏది ఏదో ఇప్పుడెలా తెలుస్తుంది?" అన్నాను.

"ఎవరికి తెలియాలి?" అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. "చూడు, ఎంత కళగా ఉందో షాపు."

అంకెలు రుద్దేసింది నేను. కలిపేసింది ఆయన. ఇక కొలిస్తే తప్ప మా షాపులో ఏది మంచి డిస్కో, ఏది చెత్తో మాకే తెలియదు.

ఇక పిట్ట సంగతి. పిట్ట నా ఆడపడుచు. బక్కపల్చగా ఉండి, ఒక చోట కుదురుగా కూర్చోదు కాబట్టి చిన్నప్పటినుంచీ ఆ పేరే. ఆసుపత్రిలో రక్త పరీక్షల గదిలో ఉద్యోగం. అక్కడే ఒక గది ఉన్నా, రోజూ ఐదింటికి డ్యూటీ దిగి, ఐదున్నరకి కొండ దిగి మా ఇంటికొచ్చి, తండ్రితో కాసేపు కూర్చుని, నన్ను నాలుగు మాటలు ఏడిపించి వెళ్ళేది. ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి కాకుండా, ఒసేయ్ అనకుండా, ప్రతి మాట చివరా వదినా అని తగిలించి పిలిచే మనిషి అదొక్కతే.

"వదినా, ఇవి నువ్వు చేసినవా వదినా? లేసు అల్లినట్టు ఉన్నాయి. నా బండికి లేవా ఇవి? పరాయివాళ్ళకేనా?"

షాపు ముందు అయిదారుగురు నిలబడి ఉన్నారు. ఆయనకి అంతకన్నా ఏం కావాలి? కడ్డీ మీద నుంచి చేతికందిన డిస్కు ఒకటి లాగాడు. అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"చూడండి బాబూ, నా సొంత చెల్లెలికి వేస్తున్నా. ఇంతకన్నా గ్యారంటీ ఏం కావాలి మీకు?"

అందరూ నవ్వారు. పిట్ట చప్పట్లు కొట్టింది. నా చెయ్యి జేబులోకి పోయింది. వెర్నియర్ చల్లగా వేళ్ళకి తగిలింది. తీసి, రెండు దవడల మధ్య డిస్కు అంచు పెట్టి, ఒక్క చూపు చూస్తే చాలు. అయిదు క్షణాల పని. అందరి ముందూ కొలిస్తే ఆయన పరువు పోతుంది, నా కన్నాల పేరు పోతుంది. నేను చెయ్యి బయటికి తియ్యలేదు.

ఆయన బిగించేశాడు.

తర్వాత పదకొండు రోజులు సాయంత్రం ఐదున్నరకి నేను మిషను ఆపేసి చెవులు రిక్కించి కూర్చున్నాను. దాని బండి సైలెన్సర్‌లో ఒక గరగర ఉండేది. ఆ గరగర పద్నాలుగో మలుపు దగ్గర వినపడేదాకా మళ్ళీ మిషను ఆన్ చేసేదాన్ని కాదు. రెండుసార్లు అడిగాను కూడా, బండి ఒకరోజు వదిలెళ్ళు, చూడాలి అని.

"ఎందుకు వదినా? ఊడపీకి ఇంకెవరికైనా అంటగడతావా? నేనివ్వను." నవ్వి, కిక్కు కొట్టి వెళ్ళిపోయింది. మూడోసారి అడగలేదు నేను.

పన్నెండో రోజు గరగర వినపడలేదు. పావు తక్కువ ఆరింటికి క్వారీ లారీ ఒకటి షాపు ముందు ఆగింది. డ్రైవరు దిగకుండానే అరిచాడు.

"డాక్టరు గారూ! మీ చెల్లెలు తొమ్మిదో మలుపులో పడిపోయింది. మావాళ్ళు ఆసుపత్రికి ఎక్కించారు. ప్రాణానికేం లేదు. బ్రేకు లేదు, బ్రేకు లేదు అని అరుస్తూ వచ్చిందంట. లోయ వైపు పోకుండా తనే రాతిగోడకేసి తిప్పేసింది. గట్టి పిల్ల."

మామయ్య అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. ముగ్గురం లారీ ఎక్కుతామనుకున్నాను. ఆయన పానాల సంచి భుజాన వేసుకుని తన బండి తీశాడు.

"మీరు పదండి. నేను వెనకాలే వస్తా."

కంగారులో అలవాటుగా సంచి తీసుకున్నాడేమో అనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది, అనుకున్నాను.

పిట్టని తను పనిచేసే ఆసుపత్రిలోనే పడుకోబెట్టారు. భుజం దగ్గర ఎముక విరిగింది, ఎడమ చెయ్యి రెండు చోట్ల, మొహం ఒక పక్కంతా చెక్కుకుపోయింది. ఆయన వచ్చేసరికి గంటన్నర దాటింది. తొమ్మిదో మలుపు నుంచి అక్కడికి పది నిమిషాలు. వచ్చి మంచం పక్కన కూర్చుని చెల్లెలి తల నిమిరాడు. చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. బ్రేకు పొడి. ఆ నలుపు దుప్పటి అంచుకి అంటుకుంది.

పిట్ట పెదవులు వాచిపోయి మాట సరిగా రావడం లేదు. "అన్నయ్యా, బండి పాడుచేశా. ఏమీ అనుకోకు."

"పోనీలేమ్మా. ఎన్నిసార్లు చెప్పాను? దిగేటప్పుడు అంతసేపు బ్రేకు నొక్కిపట్టుకోకూడదని. నీకు భయమెక్కువ. ఎంత మంచి డిస్కయినా ఏం చేస్తుంది? సర్లే, ఇంకెప్పుడూ అలా చెయ్యకు."

క్షమించాడు! చెల్లెల్ని క్షమించాడు ఆ మనిషి. పిట్ట కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, సరే అన్నయ్యా, సరే అన్నయ్యా అంటోంది. నేను వరండాలోకి పరుగెత్తి చేతులు కడుక్కునే తొట్టిలో కక్కుకున్నాను. తిరిగొచ్చేసరికి మామయ్య దుప్పటి మీది ఆ నల్లటి వేలిముద్రలనే చూస్తున్నాడు.

రాత్రి లారీలో దించారట, మర్నాడు పొద్దున బండి మా పెరట్లో ఉంది. ముందు చక్రం వంకర తిరిగింది, దీపం పగిలింది. దానికున్న డిస్కుకి మాత్రం ఒక్క కన్నం లేదు. బంగారు రంగు లేదు. మామూలు పాత డిస్కు, పైన అంకె చక్కగా ఉంది. బోల్టుల మీద పానా గీతలు ఇంకా పచ్చిగా మెరుస్తున్నాయి.

చెల్లెలు పైన ఎముకలు సరిచేయించుకుంటూ కేకలు పెడుతుంటే, ఈయన తొమ్మిదో మలుపులో రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని డిస్కు మార్చాడు.

ఆయన నిద్ర లేచేలోపు నేను షాపంతా గాలించాను. నూనె తుడిచే చింకి గుడ్డల గోనెలో, అడుగున దొరికింది. ఒక పక్కంతా నీలంగా కాలిపోయి ఉంది. అంచు నుంచి లోపలికి పగులు. ఒక కన్నం నుంచి రెండో కన్నానికి, రెండో దాన్నుంచి మూడో దానికి. ఆ కన్నాలు నావే. వరస కొంచెం కూడా తప్పలేదు. జేబులోంచి వెర్నియర్ తీశాను, పదమూడు రోజులు ఆలస్యంగా. మూడు పాయింటు ఒకటి.

ఆయన పళ్ళు తోముకుంటున్నాడు. వెళ్ళి తొట్టి గట్టు మీద డిస్కు పెట్టాను. చూశాడు. నోటినిండా నురగతోనే అడిగాడు.

"ఎక్కడ దొరికింది?"

ఇదేంటి అనలేదు. ఎక్కడ దొరికింది అన్నాడు. పదిహేనేళ్ళలో ఏ రోజూ ఆయన్ని నువ్వు అన్నదాన్ని కాదు.

"దీనికోసమా నువ్వు ఆగిపోయింది? అది అక్కడ ఏడుస్తుంటే నువ్వు రోడ్డు పక్కన పానా తిప్పుతూ కూర్చున్నావా?"

"మెల్లిగా మాట్లాడు. షాపు మూసుకోమంటావా? కన్నాలు కొట్టింది నువ్వు. అంకెలు రుద్దింది నువ్వు. నా పేరొక్కటే పోతుందనుకున్నావా?"

"పోనీ. మిగతావి వెనక్కి తెప్పించు."

"తెప్పిస్తా. గోలెందుకు? సర్వీసుకి వచ్చినప్పుడు ఒక్కొక్కటీ చప్పుడు కాకుండా మార్చేస్తా. ఒక నెల."

"నెలా? ఇవాళ సాయంత్రం ఎంతమంది దిగుతారు ఆ కొండ?"

ఆయన పుక్కిలించి ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ఆ తువ్వాలుకీ అదే వాసన. కాఫీ పెట్టలేదా అన్నాడు. ఆ మనిషి పక్కన పదిహేనేళ్ళు పడుకున్నానని తలుచుకుంటే నా ఒంటి మీద నాకే రోత పుట్టింది.

మామయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. కొడుకుని దాటుకుని నా దగ్గరికొచ్చాడు. "ఐదింటికి డ్యూటీ దిగుతారు. నాలుగింటికల్లా పైన ఉండాలి. మూడింటికి బయల్దేరదాం" అన్నాడు.

మామయ్య బండి వెనక కూర్చుని కొండెక్కాను. ఆసుపత్రి గేటు దాటాక, రోడ్డు కిందికి వంగే చోట మామయ్య బస్సు అడ్డం పెట్టినంత ధీమాగా రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడ్డాడు. బంగారు రంగు డిస్కు కనపడిన ప్రతి బండీ ఆపాడు. నేను నేల మీద చతికిలబడి ఒక్కో డిస్కు కొలిచాను. నాలుగుకి తక్కువున్నవాళ్ళకి ఒకే మాట చెప్పాను.

"ఇది పారేసిన డిస్కు. అంకె రుద్దేసింది నేనే. దీంతో కిందికి దిగకండి."

మొదటిసారి డిస్కు వైపే చూస్తూ చెప్పాను. పదోసారికి అలవాటైంది, అలవాటైనందుకు సిగ్గేసింది. ఒక నర్సు నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఒక ముసలాయన, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని తిరిగాను కదమ్మా దీని మీద అని అక్కడే రాయి మీద కూర్చుండిపోయాడు. క్వారీ కుర్రాడొకడు నా కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. మామయ్య వాడి వైపు ఒక అడుగు వేస్తే నేనే ఆపాను. వాడు ఉమ్మింది సరైన చోటే.

మూడు రోజులు, పొద్దునా సాయంత్రం, పైనా కిందా అదే పని. పదిహేడు డిస్కులు విప్పించాం. గుట్టలోంచి నేను తీసినవి పిట్టదీ కలిపి పంతొమ్మిది. ఆ ఒక్కటీ దొరకలేదు. ఆకుపచ్చ బండి మీద ఎటో పోతూ ఆగిన మనిషికి వేశానని ఆయనకి గుర్తు. ఊరేదో, పేరేదో ఏమీ తెలియదు. ఆకుపచ్చ బండి ఎక్కడ కనపడినా నేనిప్పటికీ ముందు చక్రం వైపే చూస్తాను.

నాలుగో రోజు ఆయన బట్టలు సర్దుకున్నాడు. రోడ్డు చివర బళ్ళమ్మే షోరూములో చేరాడు, దాని మీదే ఒక గది తీసుకున్నాడు. పెళ్ళామూ తండ్రీ కలిసి తన షాపు ముంచేశారని అక్కడ చెప్పుకుంటాడట. నోరు మంచిదని ముందే చెప్పాను కదా. జనం జాలిపడుతున్నారని కూడా విన్నాను. మామయ్య నా దగ్గరే ఉండిపోయాడు. కొడుక్కి రావద్దనీ చెప్పలేదు, రమ్మనీ చెప్పలేదు.

మూడు వారాలకి పిట్ట కిందికొచ్చింది, తండ్రిని చూడటానికి, బస్సులో. ఎడమ చెయ్యి పట్టీలో వేలాడుతోంది. మొహం మీద కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది. డిస్కుల గొడవ దాని చెవిన పడినట్టుంది, కానీ తన సంగతి దానికి కలుపుకోలేదు. అన్నయ్య తన బండికి మంచిదే వేశాడని దాని నమ్మకం. విరిగిన బండికి అంకె చెరగని డిస్కే ఉందని ఎవరో చూసి చెప్పారు కూడా.

"బండి అమ్మేస్తా వదినా. నాకు నడపడం రాదు. అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడో. నా భయమే నన్ను పడేసింది."

మామయ్య లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను బల్ల సొరుగులోంచి ఆ డిస్కు తీసి దాని ముందు పెట్టాను. వెర్నియర్ తెరిచి డిస్కు అంచుకి పట్టించి, దాని కుడి చేతికిచ్చాను.

"చదువు."

రక్తం బొట్లు లెక్కపెట్టే పిల్ల. దానికి కొలతలు చదవడం ఒకరు నేర్పక్కర్లేదు. "మూడు పాయింటు ఒకటి."

"నాలుగుండాలి. ఇది నీ బండిది."

పిట్ట పగులు మీద వేలు పెట్టింది. ఒక కన్నం, రెండో కన్నం, మూడో కన్నం. "నాలుగని దీని మీద లేదే."

"ఉండేది. నేను రుద్దేశాను."

"అన్నయ్యకి తెలుసా?"

"రుద్దమన్నది తనే. నువ్వు ఆసుపత్రిలో ఉండగా దీన్ని విప్పి దాచింది కూడా తనే."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. వెర్నియర్ని మూసి, తెరిచి, మళ్ళీ మూసింది.

"అన్నయ్య నా బండికి బిగించిన రోజు ఇది నీ జేబులో ఉందా వదినా?"

"ఉంది."

తల ఊపింది. వెర్నియర్ని బల్ల మీద జాగ్రత్తగా, చప్పుడు కాకుండా పెట్టింది. వేళ్ళకి డిస్కు నలుపు అంటుకుంది. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఒంటి చేత్తో ఆ చేతినే కడుక్కోవడం ఎవరి తరం? నీళ్ళ కింద పెట్టి తిప్పుతోంది, జిడ్డు నలుపు కదలడం లేదు. నేను సబ్బు అందుకుని దాని చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు, డ్యూటీలో ఎవరో పరాయి మనిషి అడ్డొస్తే తీసుకున్నట్టు. ఆ తడి వేళ్ళు గోడకి రాసి తుడుచుకుని, పెరట్లో తండ్రికి చెప్పి, బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక ఆగిపోయిన సరుకు వచ్చింది. పెద్ద డిస్కులు, నిజమైనవి. ఇప్పుడు షాపు నాది. అంకె కనపడే వైపు బయటికి పెట్టి ఒక్కో డిస్కూ విడిగా తగిలిస్తాను. వచ్చేవాళ్ళు తక్కువ.

ఒకరోజు పొద్దున పిట్ట బండి తోసుకుంటూ వచ్చింది. చక్రం ఎక్కడో బాగుచేయించుకుంది. చెయ్యి పట్టీ లేదు.

"పెద్ద డిస్కు వెయ్యాలి" అంది. చివర ఏమీ తగిలించలేదు.

నేను ఒక డిస్కు తీసి ఇచ్చి, వెర్నియర్ కోసం జేబులో చెయ్యి పెట్టాను. అది అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, తన సంచి విప్పింది. ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా ఊడని కొత్త వెర్నియర్ బయటికి తీసింది. డిస్కుని నాలుగు చోట్ల కొలిచింది. అంకె వైపు చూసింది. మళ్ళీ ఒకసారి కొలిచింది.

"బిగించు."

నేను కూర్చుని బిగించాను. ఆరు బోల్టులు. ప్రతి బోల్టుకీ నా పక్కన వంగి నిలబడి, పానా తిరిగినంతసేపూ నా చేతుల్నే చూసింది.

ఆ సాయంత్రం ఐదున్నరకి మిషను ఆపేసి గుమ్మంలోకి వచ్చాను. పద్నాలుగో మలుపు దగ్గర గరగర వినపడింది. షాపు ముందుకొచ్చేసరికి బండి వేగం తగ్గింది. బ్రేకు గట్టిగా, తిన్నగా పట్టింది. పిట్ట అరుగు మీదున్న తండ్రికి చెయ్యి ఊపి, మళ్ళీ గేరు వేసుకుని సాగిపోయింది. నేను రోడ్డు మీదికి వెళ్ళి ముక్కుతో గాలి పీల్చి చూశాను. కాలిన వాసన లేదు.